నోటికొచ్చిన నంబరు

గుణుపురం బస్టాండు పక్కన అద్దాల కొట్టు పడింది.
తలుపు తనంతట తనే తెరుసుకుంటాది,
లోపల్నుంచి చలి వస్తాది,
రమ్మని మాత్రం ఎవులూ అనరు.

నాకు కావాల్సింది మూడు కిలోల మినపగుళ్ళు.
మధ్యాన్నం నానేస్తేగాని రాత్రికి రుబ్బలేను,
తెల్లారి రాయగడ బస్సు కదిలేలోగా
మొదటి వాయి ఇడ్లీ దిగాల.

కౌంటరు దగ్గిర పిల్ల తలెత్తదు.
పొట్లాం మీద ఎర్ర గీత పడుతుంది, యంత్రం కీచుమంటాది.
"ఫోన్ నంబర్ కొహంతు."
మినప్పప్పుకి నంబరెందుకమ్మా?
"నంబర్."
కార్డుందా? లేదు.
చేయించుకుంటారా? వద్దు.
సంచి తెచ్చారా, లేపోతే పది రూపాయలు.
బిల్లు కాయితమ్మీదా, ఫోనుకా?
నాలుగొందలకి మూడు తక్కువుంది,
ఆ మూడూ అనాథ పిల్లలకి రాసీమంటారా?

వెనక పదిమంది బుట్టలు పట్టుకుని
నా నోరే చూస్తా ఉంటారు.
ఇవ్వనంటే పాపిష్టిదాన్ని,
ఇస్తానంటే ఆస్తిపరురాల్ని.

ఇదంతా ఒడియాలో.
నాకు రాక కాదు,
ముప్పై ఏళ్ళుగా ఒడియాలోనే ఇడ్లీ అమ్ముతున్నాను.
తిట్టుకోడానికే తెలుగు కావాల.

ఆఖర్న మూడు రూపాయలకి మూడు టాఫీలు.
"ఖుచురా నాహిఁ, మౌసీ."
మర్నాడు అవే టాఫీలిస్తే పుచ్చుకోదు.
వాటికి నంబరు లేదు కాబోలు.

నా ఫోనుకీ నంబరుంది, నాకే నోటికి రాదు.
నోటికొచ్చిన నంబరు ఒక్కటే:
తంగుడు లింగమూర్తి కొట్టు రేకుతలుపు మీద
నీలిరంగుతో జానెడేసి అంకెలు.
ఇరవై ఏళ్ళు అప్పు కోసం ఆ తలుపు పక్కన నిలబడ్డాను,
అంకెలు ఎక్కడికి పోతాయి?
మొదటిరోజు అదే చెప్పాను.
ఏడాదై అదే చెప్తున్నాను.

లింగమూర్తి మంచోడని కాదు.
చింతపండు మీద నీళ్ళు జల్లీవోడు,
తక్కెడ పళ్ళేన్ని చిటికెనవేలితో పలకరించీవోడు.
ప్రశ్నలా, ఆయనా అడిగీవోడే,
"ఎప్పుడిస్తావే దాలమ్మా?" అని, పదిమందిలో.
పేరెట్టి అడిగీవోడు, అదొక్కటీ ఒప్పుకోవాల.
అద్దాల కొట్టొచ్చిన ఎనిమిదో నెల్లో రేకుతలుపు దించీసాడు.
నా బాకీ నూట నలబై
ఆ తలుపెనకాలే ఉండిపోయింది.

మొన్న శుక్రవారం వరసలో నా ముందు ఆయనే.
బుట్టలో పళ్ళపొడి డబ్బా ఒక్కటి,
పరాయోళ్ళ పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని.
"నంబర్?"
చెప్పాడు, తలుపు మీద రాసున్నంత పెద్దగా.

పిల్ల తలెత్తింది.
"ఎనిమిది వందల పన్నెండు పాయింట్లున్నాయి బాబూ,
ఎనబై ఒక్క రూపాయి."
"నేనీ కొట్లో అడుగెట్టడం ఇదే మొదలు."
"మినపగుళ్ళు కొంటారు కదా, మూడేసి కిలోలు?"

ఆయన మెల్లిగా వెనక్కి తిరిగాడు.
నేను బిస్కెట్ల వైపు తిరిగాను.
పిల్లకి అర్థమైపోయింది, నవ్వేసింది.
పన్ను మీద పన్నుంది దానికి.
ఏడాదిలో ఇప్పుడు చూసాను.

ఊరికే వచ్చిన పళ్ళపొడి చంకలో పెట్టుకుని
లింగమూర్తి వేళ్ళు మడుస్తున్నాడు.
"నూట నలబైలో ఎనబై ఒకటి పోతే
యాబై తొమ్మిది, దాలమ్మా."

నా వంతు వచ్చింది, పిల్ల పిలుస్తోంది,
వెనకోళ్ళు గొణుగుతున్నారు.
ఉండండెహే అని
కొంగుముడి విప్పి ఆయన దోసిట్లో పోసాను,
ఏడాది టాఫీలు, రూపాయికొకటి.

ఒకటి విప్పి నోట్లో వేసుకున్నాడు.
మిగతావి లెక్కెట్టుకుంటా
దానంతటదే తెరుసుకున్న తలుపులోంచి
బయటికెళ్ళాడు.